ఆదివారం ఒక్కటే: పాత బండిని బాగుచేయడమా, ఉన్న కారును చూసుకోవడమా?

కార్లంటే ఇష్టం ఉండి, చేతులకు గ్రీజు అంటినా ఫరవాలేదనుకునే విశాఖవాసికి ఆదివారం పూట రెండు దారులు కనిపిస్తాయి. ఎక్కడో మూలన పడి ఉన్న మారుతి 800నో, ప్రీమియర్ పద్మినినో కొని తెచ్చి, నెలల తరబడి విప్పుతూ బిగిస్తూ మళ్లీ రోడ్డెక్కించడం ఒకటి. ఆఫీసుకూ బజారుకూ రోజూ తిరిగే కారు పనులను గ్యారేజీకి అప్పగించకుండా సొంతంగా చేసుకోవడం రెండోది. మొదటిదానికి మోజు ఎక్కువ, ఫొటోలూ బాగా వస్తాయి. రెండోదాన్ని హాబీ అని ఒప్పుకోవడానికే చాలామందికి మనసు రాదు. హైదరాబాద్‌లో అయితే రెండింటికీ సమానంగా మార్కులు వేయవచ్చు. సముద్రం పక్కన లెక్క వేరు. ఇక్కడ సగంలో ఆపిన పని ఆపిన చోటే ఉండదు, వెనక్కి పోతుంది.

పాత కారు చక్రం పైన పొంగిన పెయింటును వైరు బ్రష్షుతో గీకి, ఉప్పు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దారనుకుందాం. సాయంత్రమైంది కదా, ప్రైమరు (రంగుకు ముందు వేసే పూత) వచ్చే ఆదివారం వేద్దామని వదిలేస్తే, బీచ్ రోడ్డుకు దగ్గరలోని ఇంట్లో తెల్లవారేసరికే ఆ చోట నారింజ రంగు పొడి తేలుతుంది. వారం గడిచాక మళ్లీ మొదటి నుంచి రుద్దుకోవలసిందే. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ చాలు. అలల తుంపరతో గాలిలో కలిసే ఉప్పు ఆ పనికి వేగం తెస్తుంది. అది తేమను పట్టి ఉంచుతుంది, తుప్పు పట్టే చర్యకు కావలసిన విద్యుత్తు ఆ ఉప్పుతేమలో సులువుగా ప్రవహిస్తుంది. కాబట్టి వాన పడని రోజు కూడా తుప్పుకు సెలవు లేదు. అందుకే ఇక్కడ పాత బండి పని పెట్టుకున్నవారు సాయంత్రంలోగా ప్రైమరు వేయగలిగినంత మేరే గీకాలి. అది అరచేయంత జాగా అయినా సరే.

రంగు వేయడం ఇంకా చిక్కు. గాలిలో తేమ బాగా ఉన్న రోజున థిన్నరు (రంగును పలచబరిచే ద్రవం) కలిపిన లాకర్ రంగును స్ప్రే చేస్తే, థిన్నరు ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాలిలోని తేమ రంగు మీదికి చేరి, మెరుపు పోయి తెల్లటి మసక మిగులుతుంది. జూన్‌లో మొదలైన వానలు, ఆ తర్వాతి తుపానులు కలిసి నవంబరు దాకా తెరిపి ఇవ్వని ఊళ్లో స్ప్రే గన్ను పట్టడానికి నమ్మదగినవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకే. అందులో పెళ్లిళ్లు, సంక్రాంతి ప్రయాణాలు పోగా ఎన్ని ఆదివారాలు మిగులుతాయో ఎవరికి వారే చూసుకోవాలి. పండగకు బయటికి తీద్దామనుకున్న కారు మరో ఏడాది కవరు కింద గడుపుతుంది. ఆ కవరు గాలి ఆడని ప్లాస్టిక్ రకమైతే, లోపల చేరిన తేమ బయటికి పోయే దారి లేక రక్షణ కోసం కప్పినదే చేటు తెస్తుంది. రేకుల షెడ్డు ఉందిగా అనేవారికి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను రేకులను ఎటు విసిరిందో గుర్తుచేయనక్కరలేదు.

అయినా పాత బండి ఇచ్చే చదువును తీసిపారేయలేం. 1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరి దాకా తయారైన మారుతి 800లో ఉన్నది మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను. ఓమ్నీ, తొలి ఆల్టోలు కూడా ఆ కుటుంబానివే కాబట్టి విడిభాగాల కోసం గాజువాక ఆటోనగర్ దాటి వెళ్లవలసిన అవసరం తక్కువ. తొలి తరాల 800లో కార్బ్యురేటరును విప్పి బల్ల మీద పెడితే పెట్రోలు, గాలి ఎక్కడ కలుస్తాయో, చోక్ లాగితే ఏ పలక మూసుకుంటుందో కంటితో చూడవచ్చు. పెట్రోలు వచ్చే సన్నని జెట్టులో ఇరుక్కున్న నలకను ఊది తీసేశాక ఇంజను మొరాయించడం మానేస్తే కలిగే సంతోషం, కొత్త కార్లలో స్కానరు చూపిన లోపం కోడును చెరిపినప్పుడు కలగదు. రెండో దారిలో ఈ రుచి లేదు.

కానీ పాత బండికి ఇంజను కంటే ముందు చూడవలసింది కాగితాలు. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆపైన ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే అయిదేసి ఏళ్లకు పొడిగిస్తారు. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ పొడిగింపు రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసింది. వింటేజ్ హోదా తెచ్చుకుంటే సరిపోతుందనే మాట తరచూ వినిపిస్తుంది. 2021 నిబంధనల ప్రకారం అది 50 ఏళ్లు దాటినవాటికే, పైగా ఆ హోదా ఉన్న కారును రోజువారీ పనులకు తిప్పకూడదు. మొట్టమొదటి మారుతి 800కైనా ఆ వయసు రావాలంటే 2033 దాకా ఆగాలి.

ఈ రెండూ కాక, ఉన్న కారుకే వెడల్పాటి టైర్లు, మోత పెట్టే సైలెన్సరు బిగించే మూడో దారి ఒకటుంది. తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. దాని మీద ఇంతకంటే వాక్యాలు ఖర్చు చేయను.

ఇక రోజూ నడిపే కారు. ఇక్కడ పనులు చిన్నవి, మొదలుపెట్టిన పూటే పూర్తవుతాయి. తలుపు అడుగు అంచును వేలితో తడిమితే సన్నని రంధ్రాలు తగులుతాయి. అద్దం పక్క రబ్బరు గుండా లోపలికి దిగే వాననీరు పోవలసింది వాటి నుంచే. రేవు వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము, రోడ్డు మట్టి కలిసి ముద్ద కడితే అవి మూసుకుపోతాయి, నీరు తలుపు లోపలే నిలుస్తుంది, తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. పెయింటు పొంగేసరికి రేకు సగం పోయి ఉంటుంది. చీపురు పుల్లతో ఆ రంధ్రాలను పొడిచి, కారుతున్న గోధుమరంగు నీటిని చూస్తే, షోరూములో వేలకు వేలు పోసి వేయించే పూతల కంటే ముందు చేయవలసింది ఇదేనని అర్థమవుతుంది. ముందు అద్దం కింద వైపర్ల దగ్గర చేరిన బాదం ఆకులను తీయడం, చక్రాల లోపలి వంపులను పైపుతో కడగడం దీని తోబుట్టువులు. కడిగే నీరు మాత్రం నాలుకకు ఉప్పగా తగలకూడదు. తీరానికి దగ్గర ఇళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటే, కడిగిన శ్రమ ఎదురు తిరుగుతుంది.

బ్యాటరీ టెర్మినళ్ల మీద పేరుకునే తెల్లటి, నీలిపచ్చ పొడి కూడా అంతే. ముందు నెగటివ్ తీగ విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని చివర పెట్టాలి. అప్పుడు పాజిటివ్ దగ్గర స్పానరు జారి బాడీకి తగిలినా నిప్పురవ్వలు రాలవు. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు, పాత టూత్‌బ్రష్షుతో తోమి, ఆరనిచ్చి, బిగించాక పైన వ్యాసలీన్ రాస్తే చాలు. పది రోజులు ఊరికి వెళుతూ చేతిబ్రేకు లాగి పెడితే వెనక డ్రమ్ములకు బ్రేకు షూలు అతుక్కుపోతాయి. చదునైన చోట గేరులో ఉంచి చక్రానికి రాయి అడ్డం పెట్టడం మేలు.

అపార్టుమెంటు సెల్లారులో ఉండేవారికి ఈ దారిలో మరో సౌకర్యం: మధ్యాహ్నానికి కారు తన చోట మామూలుగా నిలబడి ఉంటుంది. నాలుగు దిమ్మల మీద చక్రాలు లేకుండా నిలబడ్డ పాత బండిని చూసి అసోసియేషన్ కార్యదర్శి ఎన్నాళ్లు నవ్వగలరు? ఇంజను ఆయిలు సొంతంగా మార్చేవారు పాత ఆయిలును డబ్బాలో పట్టి, దాన్ని సేకరించే గ్యారేజీకి ఇవ్వాలి. కాలువలో పోస్తే గెడ్డ (వాగు) గుండా నేరుగా సముద్రంలో కలుస్తుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకూడదు, ఆధారంగా స్టాండ్లు ఉండాలి. బ్రేకు పైపులు, ఎయిర్‌బ్యాగులు, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తొడుగున్న కేబుళ్లు మెకానిక్కు వదిలేయవలసినవి. బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్పించకపోతే, సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు వేడెక్కి లోపల ఆవిరి పుట్టి, పెడలు మెత్తబడిపోవచ్చు. చిన్న గేరులో దిగడం ఎలాగూ తప్పదు.

నేనైతే కనీసం ఒక వానాకాలం, ఒక తుపాను కాలం ఉన్న కారు మీదే చేయి తిప్పుకోమంటాను. గోడలు, పైకప్పు ఉన్న సొంత గ్యారేజీ, అదీ సముద్రానికి దూరంగా పెందుర్తి వైపో సింహాచలం కొండ అవతలో ఉన్నవారు పాత బండి వైపు చూడవచ్చు. సముద్రం కనిపించే బాల్కనీ ఉన్నవారికి మాత్రం వద్దనే చెబుతాను, ఎంత ముచ్చటపడినా సరే. కొనడానికి వెళితే బాడీ మెరుపు చూడకుండా, కాళ్ల కింది మ్యాటు ఎత్తి నేలరేకును స్క్రూడ్రైవరు పిడితో తట్టి, నొక్కి చూడండి. రేకు ఖంగుమంటే ఆర్సీ అడగండి, లోపలికి కుంగితే బేరం ఆడకుండా తిరిగి వచ్చేయండి.