కంచుకోట సీటా, గట్టి పోటీ ఉన్న సీటా: మంచి ప్రతినిధి ఎక్కడ దొరుకుతాడు?

కంచుకోటలో జనం మనిషిని కాదు, గుర్తును చూసి ఓటేస్తారు. టికెట్ వచ్చిన రోజే గెలిచినట్టు. కాబట్టి అది నాయకుడి నమ్మకస్తుడికో, వారసుడికో పోతుంది. కొద్ది ఓట్ల తేడాతో తేలే సీటులో ఆ పప్పులు ఉడకవు. ఏ పార్టీకీ కట్టుబడని కొద్దిమందే అక్కడ గెలుపోటములు తేలుస్తారు. వాళ్లు మనిషిని చూస్తారు కాబట్టి పార్టీ కూడా చూడక తప్పదు. అంటే వడపోత ఓటరు దాకా రాకముందే, టికెట్ దగ్గరే మొదలవుతుంది. పోటీ వల్ల జరిగే పెద్ద మేలు ఇదేనని నా నమ్మకం.

ఇటలీలో ఇది కళ్లకు కట్టింది. 1993లో చట్టం మారాక దిగువ సభలోని 630 సీట్లలో 475 ఏకసభ్య నియోజకవర్గాలయ్యాయి. ఆ ఎన్నికలను పరిశీలించిన ఆర్థికవేత్తలు గలాసో, నన్నిచీనీలకు కనిపించింది ఇది: బాగా చదువుకున్నవాళ్లను, స్థానిక పాలనలో పనిచేసినవాళ్లను పార్టీలు హోరాహోరీ సీట్లకే ఎక్కువగా పంపాయి. అక్కడ గెలిచినవాళ్లు పార్లమెంటుకు డుమ్మా కొట్టడమూ తక్కువే.

అయితే కంచుకోటను పూర్తిగా కొట్టిపారేయలేను. బ్రిటన్ రాజకీయ నాయకుడు ఎడ్మండ్ బర్క్ 1774లో బ్రిస్టల్ నుంచి గెలిచి, మీరు చెప్పినట్టల్లా ఆడను, నా వివేకం ప్రకారం నడుచుకుంటానని ఓటర్ల ముఖానే చెప్పాడు. ఐర్లాండ్ వ్యాపారానికి, కాథలిక్కులపై ఆంక్షల సడలింపుకు మద్దతిచ్చాడు. 1780లో ఆ సీటు పోయింది. ఆ తర్వాత అతన్ని సభలో నిలబెట్టింది మాల్టన్ అనే సీటు, అదీ రాకింగ్‌హామ్ ప్రభువు గుప్పిట్లో ఉన్నది. నిక్కచ్చి మనిషికి అలాంటి నీడ ఒక్కోసారి అవసరమే. కానీ ఆ నీడ ఎవరికి దక్కాలో ఒక్క ప్రభువే తేల్చాడు. 1832 ఎన్నికల సంస్కరణ దాకా అదే దేశంలో ఓల్డ్ సేరమ్ అనే, ఊరే మిగలని దిబ్బ కూడా ఇద్దరు సభ్యులను పంపుతూ వచ్చింది!

నన్ను ఎక్కువ కలవరపెట్టేది డబ్బు. పోటీ గట్టిపడేకొద్దీ ప్రచారం ఖర్చు పెరుగుతుంది. అప్పుడు పార్టీ సమర్థుణ్ణి వదిలేసి, సొంత డబ్బు కుమ్మరించగలవాణ్ణి వెతుకుతుంది. ఖర్చుకు నిజంగా కళ్లెం ఉన్నచోట నేను గట్టి పోటీ వైపే. కళ్లెం లేనిచోట మాత్రం, కంచుకోటలోనైనా సరే, టికెట్ ఎవరికివ్వాలో పార్టీ సభ్యులు ఓటేసి తేల్చడం మేలు.