పాత వెండి రూపాయల్లో ఏది మేలు: విక్టోరియాదా, జార్జిదా, చార్మినార్‌దా?

పాత వెండి రూపాయి చేతికి రాగానే అందరూ రాజు బొమ్మ చూస్తారు. ముందు అంచు చూడండి. నిలువు గీతల మధ్య చుట్టూ ఒక గాడి ఉంటే అది ఆరో జార్జి పేరున 1940 నుంచి కొట్టిన రూపాయి. బరువు పాతవాటిలాగే తులం, అంటే 11.66 గ్రాములు. వెండి మాత్రం సగమే. అంతకుముందు 91.7 శాతం ఉండేది, యుద్ధకాలంలో దాన్ని 50కి దించేశారు. 1939 వరకు వచ్చిన రూపాయిలో 10.69 గ్రాముల మేలిమి వెండి ఉంటే, ఆ తర్వాతి దాంట్లో 5.83 గ్రాములే. 1947 రూపాయిలో వెండి అసలే లేదు, అంతా నికెల్. అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంటుంది.

కాబట్టి లోహం లెక్కలో ఆరో జార్జిది ఆఖరి స్థానం. 1939 తేదీ ఉన్నది మాత్రం వేరు. అది చాలా అరుదు, వెండి కూడా పాత పాళ్లలోనే ఉంటుంది. అయితే 1938 నాణెం మీద చివరి అంకె దిద్దడం పెద్ద కష్టం కాదు. అందుకే 1939 రూపాయి అంటూ ఎవరైనా చూపిస్తే భూతద్దం లేకుండా మాట్లాడొద్దు.

అసలు పోటీ విక్టోరియాకీ అయిదో జార్జికీ మధ్యే. వెండి రెండింట్లోనూ సమానం. విక్టోరియాది పాతది కనక ఎక్కువ పలుకుతుందని చాలామంది నమ్మకం. వయసుకు అంత విలువ లేదు. ఎన్ని కొట్టారు, ఎన్ని మిగిలాయి, ఎలా మిగిలాయి అన్నదే లెక్క. అయిదో జార్జి 1918 రూపాయినే తీసుకోండి. మొదటి ప్రపంచయుద్ధంలో జనం వెండిని దాచుకోవడంతో రూపాయలకు కొరత వచ్చింది. అమెరికా తన వెండి డాలర్లను దాదాపు 26 కోట్లు కరిగించి బ్రిటన్‌కు అమ్మితే, ఆ వెండి ఇక్కడికొచ్చింది. ఆ ఏడాది తేదీతో బొంబాయి, కలకత్తా కలిపి 40 కోట్లకు పైగా రూపాయలు కొట్టాయి. అరిగిన 1918 రూపాయికి వెండి ధర మీద పెద్దగా ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

అదే జార్జి 1911 రూపాయి కథ వేరు. రాజు ఛాతీ మీది హారంలో ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనిపించింది. గొడవ రేగడంతో నాణేలను వెనక్కి తీసుకుని చాలా భాగం కరిగించారు. 1912లో ఏనుగును సరిదిద్దారు. ‘పంది రూపాయి’ అని వెతికేది ఈ 1911 దాన్నే.

విక్టోరియాలో నాకు ఎక్కువ ఇష్టమైనది 1862 రూపాయి. అదే తేదీతో 1874 దాకా కొడుతూ పోయారు. తేదీకి పైనా కిందా ఉన్న చుక్కలు లెక్కపెడితే గానీ రకం తేలదు. ఒక చుక్క తేడాతో మామూలుది అరుదైనదవుతుంది. ‘క్వీన్’ అని ఉంటే 1876 లోపుది, ‘ఎంప్రెస్’ అని ఉంటే 1877 తర్వాతిది. టంకశాల గుర్తు వెతకాలంటే అయిదో జార్జి నాణేలు సులువు: వెనక వైపు కింది తామర పువ్వు దగ్గర చుక్క ఉంటే బొంబాయి, ఏమీ లేకపోతే కలకత్తా. ఓపిక ఉన్నవాళ్లకు విక్టోరియా, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు జార్జి అంటాను.

మరి నిజాం చార్మినార్ రూపాయి? బరువు 11.18 గ్రాములు, వెండి చాలాకాలం 81.8 శాతం, అంటే సుమారు 9.15 గ్రాములు. ఆరు బ్రిటిష్ రూపాయలకు ఏడు హాలీ సిక్కాలు, అంటే నిజాం రూపాయలు, అనే మారకం ఊరికే పుట్టలేదు, వెండి తూకం వేసినా రెండువైపులా 64 గ్రాములే వస్తుంది. గుర్తుపట్టడం కూడా సరదాగానే ఉంటుంది. చార్మినార్ ద్వారంలో ‘మీమ్’ అనే ఉర్దూ అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్‌ది, ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. తేదీ హిజ్రీలో, అంటే ఇస్లాం కాలమానంలో ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే దాదాపుగా మన సంవత్సరం తెలుస్తుంది. 1343 అంటే 1924-25. కరిగిస్తే తక్కువే వస్తుంది. దాచుకోవడానికైతే నా ఓటు దీనికే.

ఏ రూపాయైనా దండకు గుచ్చడానికి కొక్కెం అతికించి తీసిన మచ్చ ఉంటే సేకరించేవాళ్లు మొహం తిప్పేస్తారు. చింతపండుతో తోమి తళతళలాడించినదీ అంతే. నల్లబడినా సరే, అలాగే వదిలేయండి.

ఇక రాముడు, సీత, హనుమంతుడితో ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని ఉండేవి నాణేలే కావు. కంపెనీ అలాంటివి కొట్టలేదు. లక్షలు పలుకుతాయని ఎవరైనా చెబితే, ఆయన్నే కొనుక్కోమనండి.