సెంబుంగాన్‌లో రెండు రాత్రులు: భీముడి గుడి, బంగాళాదుంప చేలు, ఎముకలు కొరికే చలి

మొదటిసారి ఇండోనేషియాలోని దియెంగ్ కొండలకు వెళ్లొచ్చాక నాకు గుర్తున్నది వ్యాన్ సీటు ఒక్కటే. యోగ్యకర్తా నగరంలో టూర్ వాళ్లు రాత్రి ఒంటిగంటకు ఎక్కించారు, సూర్యోదయం చూపిస్తామన్నారు. ఇంకో రెండు హోటళ్ల దగ్గర ఆగి జనాన్ని ఎక్కించుకుని కొండ కిందికి చేరేసరికి భళ్లున తెల్లారిపోయింది. గుళ్ల దగ్గర పాతిక నిమిషాలు, చిప్స్ కొట్టు దగ్గర అరగంట. తిరుగు దారిలో మా ఆయన "మనం ఫొటో దిగింది భీముడి గుడి దగ్గరా, అర్జునుడి గుడి దగ్గరా?" అంటే నాకూ తెలియలేదు.

ఆ కసితోనే ఈ జులైలో మళ్లీ వెళ్లాం. టూర్ గీర్ ఏమీ లేకుండా, సెంబుంగాన్ అనే ఊళ్లో రెండు రాత్రులు ఉన్నాం.

దియెంగ్ మధ్య జావాలో రెండు వేల మీటర్ల ఎత్తున ఉన్న అగ్నిపర్వత పీఠభూమి. 'ది హ్యాంగ్', అంటే దేవతలుండే చోటు, అన్న మాట నుంచి ఆ పేరు వచ్చిందంటారు. దానికి ఓ అంచున కొండల మధ్య ఉంటుంది సెంబుంగాన్, సుమారు 2,300 మీటర్ల ఎత్తున. జావాలో ఇంతకంటే ఎత్తైన ఊరు లేదని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. మన ఊటీ కంటే కాస్త పైనే.

హైదరాబాద్ నుంచి యోగ్యకర్తాకు నేరుగా విమానం లేదు, మేం కౌలాలంపూర్‌లో మారాం. మనవాళ్లకు దిగాక ఇచ్చే వీసా ఉంది, 30 రోజులకు 5 లక్షల రూపియా. లక్షలని బెదిరిపోకండి, మన రూపాయికి దాదాపు 190 రూపియాలు వస్తాయి. యోగ్యకర్తా నుంచి మగెలాంగ్ మీదుగా వొనొసొబో పట్టణం, అక్కడి నుంచి 26 కిలోమీటర్లు చిన్న బస్సులో పైకి. ఎరువు బస్తాలు, ఉల్లికాడల మోపులు, స్కూలు పిల్లలు, మధ్యలో మా సూట్‌కేసు. దియెంగ్ కూడలిలో దిగి 'ఒజెక్' ఎక్కాం, అంటే బైక్ ట్యాక్సీ. పెద్ద సూట్‌కేసు తెచ్చినందుకు అక్కడ నన్ను నేనే తిట్టుకున్నాను. బ్యాక్‌ప్యాక్ చాలు.

మేం దిగింది ఒక రైతు ఇంటి మేడ మీద గది. రాత్రికి రెండున్నర లక్షలు, మన లెక్కలో 1,300 పైచిలుకు. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు మందంగా ఉన్నాయి. వేడినీళ్లు ఉన్నాయని బుకింగ్‌లో రాశారు గానీ గీజర్ పది నిమిషాలు పనిచేసి మొరాయించింది. ఇక మిగిలింది స్నానాల గదిలో గాబు, ప్లాస్టిక్ మగ్గు. ఆ నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోయాయి. రెండో రోజు ఇంటావిడే పెద్ద గిన్నెతో నీళ్లు కాచి మెట్లెక్కి తెచ్చి ఇచ్చింది. ఆవిణ్ణి అందరూ 'ఇబు' అంటారు, అంటే అమ్మ అని. సాయంత్రాలు వంటింట్లో బొగ్గుల కుంపటి చుట్టూ పీటలేసుకుని కూర్చోవడమే అక్కడ కాలక్షేపం. మాకు భాష రాదు, ఆవిడకు ఇంగ్లీషు రాదు, ఫోనులో అనువాదం పెట్టుకుని గంటన్నర మాట్లాడుకున్నాం. గీజర్ సంగతి నిజానికి అక్కడే మర్చిపోయాను.

తిండి విషయం శాకాహారులు శ్రద్ధగా చదవాలి. వొనొసొబో పేరు చెబితే 'మీ ఒంగ్‌క్లోక్' అంటారు. నూడుల్స్‌ను వెదురు బుట్టలో వేసి మరిగే నీళ్లలో ముంచి తీసి, చిక్కటి పులుసు పోసి ఇస్తారు. ఆ బుట్ట పేరే ఒంగ్‌క్లోక్. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ పులుసులో ఎండు రొయ్యల పొడి పడుతుంది, పక్కన పెట్టేది పుల్లలకు గుచ్చి కాల్చిన గొడ్డుమాంసం. సాంబల్ పచ్చడిలో కూడా 'తెరాసి' అనే రొయ్యల ముద్ద ఉంటుంది. పేరు వినగానే మా ఆయనకు పాత పార్టీ గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాడు. 'తాన్పా తెరాసి' అంటే అది లేకుండా చేస్తారు. నేను రెండు రోజులూ అన్నం, క్యాబేజీ కూర, 'తెంపె కెముల్' తిని బతికాను. పులియబెట్టిన సోయా బిళ్లను పిండిలో ముంచి వేయించేదే తెంపె కెముల్. కుంపటి పక్కన వేడివేడిగా తింటే మన బజ్జీ దాని ముందు దిగదుడుపే.

సూర్యోదయానికి సికునిర్ కొండ ఊరి చివరే మొదలవుతుంది. నాలుగింటికి లేచి, చెబోంగ్ చెరువు గట్టు మీదుగా నడిచి, మెట్ల దారిన ముప్పావు గంటలో పైకి చేరాం. యోగ్యకర్తా నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్లు అప్పటికి కింద వ్యాన్లు దిగుతున్నారు. ఎదురుగా సిందోరో, దాని వెనక సుంబింగ్, దూరంగా మెర్బాబు, మెరాపి అగ్నిపర్వతాలు. శని, ఆదివారాల్లో మాత్రం వెళ్లొద్దు. మేం శుక్రవారం ఎక్కితేనే సెల్ఫీ కర్రల మధ్య సూర్యుణ్ణి వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇక గుళ్లు. ఇవి 7-8 శతాబ్దాల నాటి శివాలయాలు, జావాలో మిగిలిన హిందూ గుళ్లలో అతి పాతవి. పాండవుల పేర్లు తర్వాతి కాలంలో జనం పెట్టుకున్నవి. అర్జున, పుంతదేవ, సెంబద్ర, శ్రీకండి ఒకే వరసలో ఉంటాయి. పుంతదేవ అంటే మన ధర్మరాజు, సెంబద్ర సుభద్ర. శ్రీకండి శిఖండే గానీ, జావా తోలుబొమ్మలాటలో ఆవిడ విలువిద్య వచ్చిన వీరవనిత, అర్జునుడి భార్య! అర్జునుడి గుడికి ఎదురుగా పొట్టిగా, అడ్డంగా ఉన్నది సెమార్ గుడి. సెమార్ మన భారతంలో లేడు, పాండవుల వెంట ఉండే విదూషకుడిగా జావా వాళ్లు కల్పించుకున్న పాత్ర. అర్జునుడి గుడి ఉత్తరపు గోడకు అభిషేక జలం బయటికి పోయే తూము కనిపించింది. అచ్చం మన గుళ్లలో సోమసూత్రమే. లోపల దేవుడు లేడు.

భీముడి గుడి కాస్త దూరంగా, రోడ్డు పక్కన ఒంటరిగా ఉంటుంది. శిఖరంలో వరసలు వరసలుగా గూళ్లు, ఒక్కో గూట్లోంచి ఒక్కో ముఖం కిటికీలోంచి తొంగి చూస్తున్నట్టు. అక్కడ మేం తప్ప ఎవరూ లేరు. దగ్గర్లోని కైలాస మ్యూజియం కూడా వదలకండి. ఎద్దు తల, మనిషి ఒళ్లు ఉన్న నంది భుజాల మీద శివుడు కూర్చున్న శిల్పం మన దగ్గర నేనెక్కడా చూడలేదు.

సికిదాంగ్ గంధకపు గుంట చూడొచ్చు, పావుగంట చాలు, మాస్కు తప్పనిసరి. తెలగ వర్న సరస్సు రంగులు ఎండ ఉంటేనే. హెచ్చరిక బోర్డులు ఉన్న గుంటల వైపు మాత్రం వెళ్లకండి. 1979లో ఇక్కడ భూమిలోంచి వచ్చిన విషవాయువుకు 140 మందికి పైగా చనిపోయారు.

కుంపటి దగ్గర ఇబు చెప్పిన సంగతి ఒకటి. ఇక్కడ కొందరు పిల్లలకు జ్వరం వచ్చి తగ్గాక జుట్టు జడలు కడుతుందట. పిల్ల తనంతట తాను తీయించుకుంటానని, బదులుగా ఫలానాది కావాలని అడిగేదాకా కత్తెర పెట్టరు. అడిగింది ఏదైనా సరే, మేకైనా సైకిలైనా, ఇచ్చి తీరాలి. మన పుట్టువెంట్రుకల మొక్కు గురించి చెబితే ఆవిడ మొదట అడిగిన మాట, "మీ పిల్లలు ఏం అడుగుతారు?" మా ఇంట్లో పిల్లల్ని అడిగే అలవాటు లేదని అనువాదం చేయించడానికి తంటాలు పడ్డాను.

రెండో రోజు పొద్దున అర్జునుడి గుడి ముందు గడ్డి అంతా మంచుతో తెల్లగా గడ్డకట్టి ఉంది. జులై, ఆగస్టుల్లో కొన్ని రోజులు ఇలా అవుతుంది, దీన్ని చూడ్డానికే జనం ఎగబడతారు. అక్కడివాళ్లు దాన్ని 'ఎంబున్ ఉపాస్' అంటారు, విషపు మంచు అని. ఫొటోలు తీసుకుని ఇంటికొచ్చేసరికి ఇబు తమ బంగాళాదుంప మడిలో వంగి ఉంది. ఒక ఆకు తుంచి నాకు చూపించింది. ఉడకబెట్టినట్టు నల్లగా వడలిపోయి ఉంది. ఫొటోలు చూపిద్దామని తీసిన ఫోను మళ్లీ జేబులో పెట్టేశాను.

వచ్చేటప్పుడు ఆవిడ నాలుగు కారికా డబ్బాలు చేతిలో పెట్టింది, పాకంలో నానిన కొండ బొప్పాయి. చాలా బాగుంటుంది, కొనుక్కోండి. కానీ చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. మావి సెక్యూరిటీ దగ్గరే ఉండిపోయాయి.