షెట్లాండ్ నవలలు ఎనిమిదీ రెండుసార్లు చదివాక: ఏ వరుసలో చదవాలి, ఎక్కడ తడబడతాం

ఇంగ్లిష్ రచయిత్రి ఆన్ క్లీవ్స్ రాసిన షెట్లాండ్ అపరాధ పరిశోధక నవలల్లో మనల్ని మొట్టమొదట పక్కదారి పట్టించే మాట ‘మెయిన్‌ల్యాండ్’. స్కాట్లాండో ఇంగ్లండో అనుకుంటాం. షెట్లాండ్ అంటే స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ద్వీపాల గుంపు. అందులో అన్నిటికన్నా పెద్ద ద్వీపం పేరే మెయిన్‌ల్యాండ్. బ్రిటన్‌కు వెళ్తే అక్కడివాళ్ళు ‘సౌత్’కు పోయాడంటారు. ఈ సంగతి తెలియకపోతే మొదటి నవలలోనే ఎవరు ఊళ్ళో ఉన్నారో ఎవరు లేరో లెక్క తప్పుతుంది.

వరుస ముఖ్యం. రేవెన్ బ్లాక్ (2006), వైట్ నైట్స్ (2008), రెడ్ బోన్స్ (2009), బ్లూ లైట్నింగ్ (2010) మొదటి నాలుగు. పేర్లలో నాలుగు రంగులు, కథల్లో నాలుగు కాలాలు. డెడ్ వాటర్ (2013), థిన్ ఎయిర్ (2014), కోల్డ్ ఎర్త్ (2016), వైల్డ్ ఫైర్ (2018) తర్వాతి నాలుగు. వీటి పేర్లలో నీరు, గాలి, నేల, నిప్పు. ఏ హత్య సంగతి ఆ పుస్తకంలోనే తేలిపోతుంది గానీ, ఇన్‌స్పెక్టర్ జిమ్మీ పెరెజ్ బతుకు మాత్రం ఒక పుస్తకంలోంచి ఇంకోదానిలోకి పారుతూనే ఉంటుంది. నాలుగోదాని చివర అది ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. అందుకే నాలుగోది పూర్తయ్యేదాకా ఐదోదాని వెనక అట్ట కూడా చదవొద్దు. హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఏ భాగం దొరికితే అది కొనుక్కోవచ్చు, కానీ వంతు వచ్చేదాకా బీరువాలోనే ఉంచాలి. 2013లో మొదలైన బీబీసీ సీరియల్‌ను కూడా తర్వాతకే పెట్టుకోవడం మంచిది. అది మూడో నవల కథతో మొదలవుతుంది. పైగా పుస్తకాల్లో నాలుగోదాని దాకా మనం గుండె చిక్కబట్టుకుని చదివే విషయం అందులో ముందే జరిగిపోయి ఉంటుంది.

మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది వెలుతురు దగ్గర. వరంగల్‌లో ఏడాదిలో అన్నిటికన్నా పొడుగు పగటికీ పొట్టి పగటికీ తేడా రెండు గంటలకు అటూఇటూ. షెట్లాండ్ అరవై డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ నడుమ అక్కడ పగలు ఆరు గంటలు కూడా ఉండదు, మూడింటికల్లా పొద్దు గూకుతుంది. జూన్‌లో దాదాపు పందొమ్మిది గంటల పగలు. మిగిలిన కాసేపు కూడా పూర్తి చీకటి పడదు, దాన్ని ‘సిమ్మర్ డిమ్’ అంటారు. కాబట్టి రేవెన్ బ్లాక్‌లో సాయంత్రం నాలుగంటే చీకటి. వైట్ నైట్స్‌లో రాత్రి పదకొండంటే మనిషిని గుర్తుపట్టేంత వెలుగు. ఎవరైనా ‘చూశాను’ అన్నా ‘చూడలేదు’ అన్నా, ముందు నెల గుర్తు తెచ్చుకుని ఆ తర్వాత నమ్మాలి.

పేర్ల పట్టిక రాసుకునేటప్పుడు అనుమానితుల వరుస రాస్తే లాభం లేదు. ఇళ్ళ వరుస రాయాలి: ఇల్లు, అందులో మనుషులు, ఆ ఇంటి కిటికీలోంచి ఏం కనిపిస్తుంది. షెట్లాండ్‌లో చెట్లు చాలా తక్కువ. ఎదుటి గుట్ట మీద ఎవరు నడుస్తున్నా వంటింట్లోంచి కనిపిస్తుంది. మన పల్లెల్లో వాడకట్టులోకి కొత్త బండి వస్తే అరుగు మీద కూర్చున్నవాళ్ళు అది ఎవరింటి చుట్టమో చెప్పేస్తారు కదా, అక్కడ ఆ పని కిటికీలు చేస్తాయి. ఆ చూపు దేనివల్ల తప్పిందన్నది కనిపెడితే సగం చిక్కు విడినట్టే. ఒకచోట పొగమంచు వల్ల తప్పుతుంది. ఇంకోచోట, జనవరి ఆఖరి మంగళవారం షెట్లాండ్ ముఖ్యపట్టణం లెర్విక్‌లో జరిగే ‘అప్ హెల్లీ ఆ’ కాగడాల పండుగలో అందరూ వేషాలు కట్టుకుని ఉండటం వల్ల.

పోలీసు పద్ధతి కూడా మనదానిలా ఉండదు. స్కాట్లాండ్‌లో అనుమానాస్పద మరణం మీద విచారణ ప్రొక్యురేటర్ ఫిస్కల్ అనే ప్రభుత్వ ప్రాసిక్యూటర్ చేతిలో ఉంటుంది. పోస్ట్‌మార్టంకు శవాన్ని ఓడలో అబర్డీన్ పంపుతారు, రాత్రంతా, దాదాపు పన్నెండు గంటల ప్రయాణం. సంబరా విమానాశ్రయం మీద మంచు కమ్మితే బయటి నుంచి రావలసిన అధికారులు రారు. కొమ్మూరి వారి డిటెక్టివ్ యుగంధర్ వేగానికి అలవాటుపడ్డవాళ్ళకు మొదటి డెబ్బై పేజీలు నత్తనడకలా తోస్తాయి. ఓపిక పట్టండి. ఆ ఎదురుచూపుల్లోనే పెరెజ్ ఇంటింటికీ వెళ్ళి, టీ తాగుతూ, పెద్దగా మాట్లాడకుండా ఎదుటివాళ్ళ చేత మాట్లాడిస్తాడు. అసలు దర్యాప్తు అదే.

వీటిని ‘కోజీ’, అంటే హింస పెద్దగా చూపించని తేలికపాటి అపరాధ కథలు, అనవచ్చా? సగమే. హత్యలు ఎక్కువగా మన కళ్ళ ముందు జరగవు, నెత్తురు తక్కువ, ఊరు చిన్నది. కానీ పరిశోధించేది పోలీసు, ఊళ్ళో తెలివిగల పెద్దమ్మ కాదు. ఒంటరి ముసలివాడి మీద ఊరంతా పడటం, తప్పిపోయిన పిల్ల జాడ తెలియకపోవడం లాంటివి మనసును నలిపేస్తాయి. నిద్రకు ముందు తేలిగ్గా చదువుకుందామనుకునేవాళ్ళు రేవెన్ బ్లాక్‌ను పగటిపూట చదవడం మేలు.

యాస భయపెట్టదు. ‘పీరీ’ అంటే గింత, చిన్నది. ‘వో’ అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ. ‘క్రాఫ్ట్’ అంటే ఇల్లూ కాస్త పొలమూ కలిసిన చిన్న కమతం. ఈ మూడూ వస్తే చాలు.

తర్వాతి నాలుగు నవలల్లో పట్టు కొంచెం సడలుతుంది. స్కాట్లాండ్ పడమటి దీవులు హెబ్రిడీస్‌లో పెరిగిన పోలీసు అధికారిణి విల్లో రీవ్స్ మంచి పాత్రే, కానీ ఆమెకూ పెరెజ్‌కూ మధ్య తటపటాయింపు సాగదీసినట్టు అనిపిస్తుంది. హంతకుడు బయటపడే ఘట్టం చాలా పుస్తకాల్లో తొందరగా ముగిసిపోతుంది.

కట్టుదిట్టంగా రాసినవి రెండు. రెడ్ బోన్స్‌లో వాల్సే ద్వీపం, పురావస్తు తవ్వకం, రెండో ప్రపంచయుద్ధంలో నార్వేకు రహస్యంగా నడిచిన పడవల జ్ఞాపకం ఒకే కుటుంబం మీద వచ్చి పడతాయి. బ్లూ లైట్నింగ్ పెరెజ్ సొంతూరు ఫెయిర్ ఐల్‌లో జరుగుతుంది. తుఫానుకు పడవా విమానమూ ఆగిపోతాయి, పక్షులను గమనించే కేంద్రంలో ఉన్నవాళ్ళే అనుమానితులు. రచయిత్రి 1970లలో ఆ ద్వీపపు పక్షి పరిశీలన కేంద్రంలోనే వంటపని చేశారు. వంటగది ఘట్టాలు చదువుతుంటే అది తెలుస్తుంది. దీన్ని రెండు మూడు కూర్చోడాల్లో పూర్తిచేయడానికి వీలున్న సెలవుల్లో మొదలుపెట్టండి. మధ్యలో వారం విరామం వస్తే ఏ గదిలో ఎవరున్నారో మరిచిపోయి మళ్ళీ మొదటికే వస్తారు.