ఒప్పుకుని కట్టేయడమా, కేసు నడపడమా: ఏది మేలు?

శనివారం రాత్రి మారతహళ్ళిలోనో కోరమంగళలోనో తాగి బండి నడుపుతూ, పోలీసులు ఊదమంటే ఊది దొరికిపోయినవారు సోమవారం పొద్దున్నే ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "సార్, కోర్టులో పదివేలు కట్టేసి బయటపడమంటారా, లాయరును పెట్టి కేసు నడపమంటారా?" అనంతపురం, చిత్తూరు వైపుల నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడిన మనవాళ్ళకు ఇదే జవాబు విడివిడిగా చెప్పీ చెప్పీ అలసి, ఒకేచోట రాస్తున్నాను. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద నేరమని అందరికీ తెలుసు కనుక ఆ పాఠం మళ్ళీ చెప్పను.

ఒప్పుకోవడంలో ఉన్న సుఖాన్ని కాదనలేం. మేయో హాల్ కోర్టులో మీ పేరు పిలుస్తారు, మెజిస్ట్రేటు ఆరోపణ చదివి వినిపిస్తారు, మీరు ఔనంటారు, జరిమానా కట్టి రసీదు తీసుకుంటారు. చాలావరకు ఒక్క పూటలో పని ముగుస్తుంది. 2019 సెప్టెంబరు 1కి ముందు రెండు వేల రూపాయల వరకు ఉన్న జరిమానా ఇప్పుడు పదివేలైంది. ఆరు నెలల వరకు జైలు వేసే అధికారం కోర్టుకు ఉన్నా, ప్రమాదమేదీ జరగని మొదటి కేసులు సాధారణంగా జరిమానాతోనే ముగుస్తాయి. కాగితాలు మాత్రం కన్నడంలో ఉంటాయి. లిపి మనదానికి దగ్గరగా ఉండడంతో కూడబలుక్కుని చదివేసి అర్థమైందనుకునేవారు ఎందరో. "తప్పొప్పిగె" అన్న మాటను మన తప్పొప్పుల పట్టిక అనుకుని సంతకం పెట్టకండి, దాని అర్థం నేరాంగీకారం.

నా దృష్టిలో తూచవలసింది పదివేలను కాదు, ఆ అంగీకారం వెంట వచ్చేవాటిని. సెక్షన్ 185 కింద దోషిగా తేల్చినప్పుడు కనీసం ఆరు నెలలు బండి నడపడానికి అనర్హుణ్ణి చేయాలని అదే చట్టంలోని సెక్షన్ 20 కోర్టును ఆదేశిస్తుంది. రెండోసారి దొరికితే రెండేళ్ళ వరకు జైలు, లేదా పదిహేను వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైగా మొదటి నేరం జరిగిన మూడేళ్ళలోపు అయితేనే రెండోదిగా లెక్కించాలన్న పాత షరతును 2019 సవరణ తీసేసింది కనుక, ఈరోజు ఒప్పుకున్నది పదేళ్ళ తరువాత కూడా లెక్కలోకి వస్తుంది. నేరం ఒప్పుకున్నాక అప్పీలుకు వెళ్ళినా శిక్ష ఎక్కువైందనో చట్టబద్ధం కాదనో వాదించగలరు గాని, అసలు నేరమే చేయలేదని చెప్పే దారి దాదాపు మూసుకుపోతుంది. అమెరికా వీసా దరఖాస్తు అరెస్టు గురించీ, దోషిగా తేలడం గురించీ రెండింటినీ అడుగుతుందని ఐటీ ఉద్యోగులు గుర్తుంచుకోవాలి. క్యాబ్ నడిపే మనిషికైతే ఆరు నెలల అనర్హత అంటే ఆరు నెలలు పొయ్యి వెలగకపోవడమే.

ఇంత ఉన్నా మనుషులు తొందరపడి ఒప్పుకునేది బండి కోసం. అది స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండుతుంటుంది, జరిమానా కడితేనే ఇస్తారని పక్కవాడు చెబుతాడు. నిజానికి కేసు తేలేలోపే, పూచీకత్తు తీసుకుని బండిని తాత్కాలికంగా విడుదల చేసే అధికారం మెజిస్ట్రేటుకు ఉంది. పట్టుకున్న వాహనాలను స్టేషన్లలో ఏళ్ళ తరబడి ఉంచి లాభం లేదని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. బండి చేతికి వచ్చాక తీసుకునే నిర్ణయం వేరుగా ఉంటుందని అనుభవం మీద చెబుతున్నాను.

ఇక కేసు నడపడం. ఇందులో సగం బలం మీ చేత ఊదించిన యంత్రం ఇచ్చిన చీటీలోనే ఉంటుంది. దాని మీద అంకె 150 ఉంటే వాయిదాలకు సెలవులు పెట్టడం, లాయరు ఫీజు కట్టడం రెండూ దండగే. అంకె 30కి కాస్త పైన ఉన్నా, పేరులోనో సమయంలోనో తేడా ఉన్నా, చివరి గుక్క మింగిన రెండు నిమిషాలకే ఊదించినా మాత్రం ఆలోచించాలి. నోటిలో మిగిలిన ఆల్కహాల్ తగ్గడానికి సుమారు పావుగంట పడుతుంది, ఈలోగా ఊదితే అంకె పెరగవచ్చు. అరెస్టు చేసిన రెండు గంటల్లో వైద్య పరీక్ష జరగకపోతే కేసే పోతుందన్న మాట సగమే నిజం: చట్టం ప్రకారం నిర్బంధం నుంచి వదిలేయాలి, కేసు మాత్రం అలాగే ఉంటుంది. ఊదనని మొండికేయడం మరీ చెడ్డ సలహా, ఎందుకంటే సరైన కారణం లేని నిరాకరణను సెక్షన్ 205 మీకు వ్యతిరేకంగా వాడుకోనిస్తుంది.

లోక్ అదాలత్ కోసం ఆగుదామనేవారికి ఒక్క మాట: ఇది రాజీకి వీలున్న నేరం కాదు కనుక అక్కడ తేలదు, 2023లో ఈ-చలాన్లకు ఇచ్చిన సగం రాయితీ లాంటిదీ దీనికి వర్తించదు. సమన్లు వచ్చినా కదలకుండా కూర్చుంటే వారంటు వస్తుంది.

నా మొగ్గు ఎటో ఈపాటికి తెలిసే ఉంటుంది. చీటీ గట్టిగా ఉండి, ఇది మొదటిసారై, బండి నడపడం బతుకుతెరువు కానివారు ఒప్పుకుని కట్టేయడమే మేలు. డ్రైవరుగా బతికేవారు, అంకె గీత పక్కనే ఉన్నవారు మొదటి వాయిదాన ఏమీ ఒప్పుకోకుండా అభియోగపత్రం, చీటీ నకళ్ళు కావాలని గడువు అడగండి. కన్నడం బాగా చదవగలిగిన వ్యక్తి చేత వాటిని చదివించుకుని, ఆ తరువాత జవాబు చెప్పండి.