బ్రేకు బాగుచేసిన సిరంజి: రెండేళ్లు వాడాక

బండి 2017 నాటిది, 150 సీసీ. ముందు డిస్క్, వెనక డ్రమ్ము, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే యంత్రం) లేదు. ఇంతకు మించి బండి గురించి ఏమీ రాయను. ఈ సమీక్ష మందుల షాపులో కొన్న 50 మి.లీ. సిరంజిది.

నేనుండేది విజయనగరం. వారానికోసారి సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి దిగే పని. రెండేళ్ల క్రితం దిగుతుంటే మలుపులో ముందు లారీ ఆగిపోయింది. ముందు బ్రేకు నొక్కాను. లీవరు మెత్తగా వచ్చి గ్రిప్పుకి ఆనుకుంది. వదిలి మళ్లీ నొక్కితే కాస్త పట్టింది. మూడో నొక్కుకి, రెండో గేరులో ఇంజన్ గోల పెడుతుంటే, వెనక బ్రేకు మీద నిలబడి లారీకి చెయ్యెడు దూరంలో ఆగాను. సాలూరు చేరేదాకా కాళ్ల వణుకు తగ్గలేదు.

మొదటి మెకానిక్ ప్యాడ్లు మార్చాడు. "కొత్తవి కదా బాబూ, సెట్టవ్వాలి. వంద కిలోమీటర్లు తిరుగు, అదే గట్టిపడిపోద్ది" అన్నాడు. ఆ ప్యాడ్లని పదిమంది దగ్గర పొగిడాను కూడా. పట్టు బాగానే ఇచ్చాయి, అబద్ధం కాదు. లీవరు మెత్తదనానికి మాత్రం వాటితో సంబంధమే లేదు. రెండో అతను లీవరు టపటపా కొట్టి, చక్రం దగ్గర గాలి వదిలే చిన్న మర, నిపుల్ అంటారు, దాన్ని వదిలి బ్రేకు గొట్టంలో చేరిన గాలి తీశాడు. నాలుగు రోజులు బాగుంది. ఐదో రోజు వెళ్తే "ఏటి బాబూ, మళ్లీ వొచ్చేసావా?"

గాలి పైకి పోయేది. లీవరు కొట్టి తీసేటప్పుడు దాన్ని కిందికి తోస్తున్నాం. హ్యాండిల్ దగ్గర బ్రేకు గొట్టాన్ని బిగించే బాంజో బోల్టు వంపులో ఇరుక్కున్న బుడగ దిగనే దిగదు. ఇది బుర్రకెక్కాక, ఆయిల్‌ని కింది నుంచి పైకి తోయడానికి సిరంజి కొన్నాను. చేపల తొట్టికి వాడే సన్న ట్యూబు, డాట్ 4 బ్రేక్ ఆయిల్ డబ్బా, అన్నీ కలిపి మూడొందలు దాటలేదు.

హ్యాండిల్ మీదుండే పై డబ్బాలో పాత ఆయిల్ లాగేశాను. టీ డికాషన్ రంగులో ఉంది. సిరంజి నింపి, ట్యూబు చివర ఆయిల్ చుక్క కనిపించేదాకా తోసి, అప్పుడు చక్రం దగ్గర ప్యాడ్లని నొక్కే కాలిపర్ నిపుల్‌కి తగిలించాను. ఎనిమిదో నంబరు పానాతో నిపుల్ కొద్దిగా వదిలి, మెల్లగా తోశాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత పై డబ్బాలో నువ్వుగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి తేలాయి, చివర్న ఒక్కటి బఠాణీ అంత. నిపుల్ బిగించి లీవరు నొక్కితే సగం కూడా రాలేదు! ఆ రోజు ఊరికే నొక్కుతూ కూర్చున్నాను.

ఘాట్‌లో వేడెక్కాక మెత్తబడే జబ్బు వేరు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి దిగుతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలై లీవరు మెత్తబడుతుంది. ఆయిల్ కొత్తది కాబట్టి అదీ తగ్గింది.

అయితే సిరంజిని మరీ నెత్తిన పెట్టుకోలేను. మూడోసారికే లోపలి రబ్బరు పట్టేసింది, కొత్తది కొన్నాను. మొదటి వానాకాలం పోయాక లీవరు మళ్లీ వేలెడు మెత్తబడింది. చూస్తే బాంజో బోల్టు పాత వాషర్ల దగ్గర చెమ్మ. రాగి వాషర్లు మార్చి, రాత్రంతా లీవరుని సైకిల్ ట్యూబు ముక్కతో గ్రిప్పుకి కట్టి ఉంచితే సర్దుకుంది. ఇంకొకటి, తడిగుడ్డ కప్పినా ట్యాంకు మీద ఒక చుక్క పడి పెయింటు ఉబ్బింది. ఆ మచ్చ అలాగే ఉంది.

నా బండి పాతది, గొట్టం ఒక్కటే, మధ్యలో ఏబీఎస్ యంత్రం లాంటిదేమీ లేదు. అందుకే పని జరిగింది. మొన్న మా బావమరిది ఏబీఎస్ బండి తెచ్చి వాకిట్లో పెట్టి "బావా, సిరంజి తియ్" అన్నాడు. టీ ఇచ్చి పంపించేశాను.