పొగడ చెట్టు షిఫ్టింగ్: పని బాగా చేశారు, క్రేన్ డబ్బుల దగ్గరే తేడా కొట్టింది

గుంటూరులో మా ఇంటి గేటు పక్కన 12 ఏళ్ల పొగడ చెట్టు, కార్ షెడ్ వేద్దామంటే సరిగ్గా అదే అడ్డం. కొట్టేద్దామంటే అమ్మ ఒప్పుకోదు, పొద్దున్నే రాలిన పూలు ఏరి దండ గుచ్చుకోకపోతే ఆవిడకి రోజు మొదలవదు. పెరట్లోకి మారుద్దామని ముందు ఒక జేసీబీ అతన్ని అడిగితే "గంటలో లేపి అవతల పెట్టేస్తా సార్" అన్నాడు, ఆ గంట అన్న మాటకే భయమేసి వదిలేశా.

తర్వాత నర్సరీ వాళ్లు వచ్చారు (పేరు రాయను, ఎందుకో కింద చదవండి). మేస్త్రీ టేపు పెట్టి చూసి, మొదలు 5 అంగుళాల మందం ఉంది కాబట్టి అంగుళానికి 10 అంగుళాల లెక్కన వేళ్లతో సహా లేపే మట్టిగడ్డ వెడల్పు నాలుగడుగుల పైనే ఉండాలి, ఇప్పుడు లేపం, వానలు పడ్డాకే అన్నాడు. ఫిబ్రవరిలో సగం చుట్టూ కందకం తీసి వేళ్లు రంపంతో నీట్‌గా కోసి, ఇసుక, పశువుల ఎరువు కలిపి పూడ్చారు, రెండో సగం ఏప్రిల్లో. అన్నీ ఒకేసారి కోస్తే చెట్టు నీళ్లు తాగలేదట, ఇలా చేస్తే గడ్డలోనే సన్నవేళ్లు వేస్తుందట. ఎండాకాలం అంతా నీళ్లు పెట్టడం మాత్రం మన డ్యూటీనే అండోయ్.

ఆరుద్ర కార్తెలో లేపారు. రెండు రోజుల ముందే బాగా తడపమన్నారు, మన నల్లరేగడి ఎండితే నెర్రెలిచ్చి వేళ్లని వదిలేస్తుంది, మరీ బురదైతే జారిపోతుంది. కొమ్మలు కొంచెం తగ్గించి, గోనెపట్టా చుట్టి, బెల్టు గడ్డకే వేశారు, మానుకి వేస్తే బెరడు ఊడొస్తుందని.

ఇంతవరకు సూపర్. ఇక గొడవ. 9 వేలు అని మాట్లాడుకున్నాం, తీరా ఆ రోజు పొద్దున "హైడ్రా క్రేన్ ఖర్చు మీదే సార్" అన్నారు! గడ్డే టన్నున్నర ఉంటుంది, మనుషులు మోసేది కాదని వాళ్లకి ముందే తెలుసుగా, ఫిబ్రవరిలోనే చెప్పొచ్చుగా? ఇంకో 5,500 పెట్టా. పైగా కొత్త గొయ్యి అడుగు లోతెక్కువ తవ్వేశారు, మొదలు మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుందని నేనే గోల చేసి మట్టి పోయించి దిమ్మిస కొట్టించా. అది చూసుకోకపోతే ఈ ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే.

మూడు వారాల్లో ఆకు సగం రాల్చేసింది, అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఎదురింటాయనేమో యూరియా వెయ్యి బాబూ అని రోజూ సలహా, వేళ్లు కుదురుకోకుండా యూరియా ఏంటండీ. గోరుతో కొమ్మ గీకితే లోపల పచ్చగానే ఉంది, అందుకే గడ్డి కప్పి, మూడు వైపులా తాళ్లు లాగి కట్టి, నీళ్లు పెడుతూ ఆగా. ఆగస్టులో చిగురేసింది, పూత ఇంకా లేదు.

నెలకోసారి వచ్చి చూస్తామన్న మేస్త్రీ ఒక్కసారీ రాలేదు, ఫోన్ చేస్తే "ఫొటో పెట్టండి సార్" అంటాడు. పనికి నాలుగు స్టార్లు, మాటకి రెండు. మీరు పిలిస్తే క్రేన్ ఎవరిదో ముందే కాగితం మీద రాయించుకోండి.